ఉట్టి మీది అటుకుల కుండ

మా అత్త పోయిందన్న కబురు, బెల్లం దిమ్మలు వేసుకుని విజయనగరం బజారుకి వచ్చిన వాళ్ళ ఊరి మనిషి మోసుకొచ్చాడు. చీపురుపల్లిలో ఉదయం పాసింజరు ఎక్కాడట. ముందు బెల్లం కొట్టులో దింపి, తరవాత మా అరుగు మీద కూర్చుని, చెంబుడు నీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు.

"ముసిలమ్మ ఎల్లిపోనాది బాబూ. తెల్లారగట్ట. పక్క మీదే."

ఆ వేళకి నేను ఒక పత్రికకి ఉత్తరం రాస్తున్నాను. వాళ్ళు నా వ్యాసం తిప్పి పంపారు. ఎందుకు పంపారో రాయలేదు. ఎందుకు పంపి ఉంటారో నేనే వాళ్ళకి వివరంగా రాస్తున్నాను.

"ఏ ముసిలమ్మ?" అన్నాను తల ఎత్తకుండా.

"ఇంకే ముసిలమ్మ? మీ అత్త."

మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేశాను. తరవాతే కలానికి మూత పెట్టాను. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. జరిగింది గనక రాస్తున్నాను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మా బావమరిది లేచి నాలుగు మాటలు చెప్పాడు. అతనిప్పుడు ఊరికి పెద్ద. మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు. "మా అమ్మ చేతికి ఎముక లేదు. మా ఇంట్లో ఆకు ముందు కూర్చున్నవాడు చాలు చాలు అనకుండా లేవలేదు," అన్నాడు. బంధువులు తలలూపారు. వీళ్ళందరూ ఇరవై ఏళ్ళ పాటు ఆ ముసలామెని పిసినారి అన్నవాళ్ళే. "మా అమ్మ సెయ్యి బిగిసిపోనాది బావా, గరిటె దాని సేతికియ్యకూడదు," అని నాతో అన్నది ఈ బావమరిదే. పెద్దకర్మ నాడు ఆ మాటలు వింటూ నా ఆకులో చెయ్యి కడుక్కున్నాను. అక్కడ నేను మాట్లాడవలసిన మాట ఒకటి ఉంది. ఆ చెయ్యి ఎందుకు బిగిసిందో, ఎవరి వల్ల బిగిసిందో నాకు తెలుసు. నా వల్ల.

చదివేవాళ్ళు ఆమె ఎవరో తెలుసుకోవాలి గదా. మొదటినుంచి చెప్తాను.

పెళ్ళయిన ముప్పై అయిదేళ్ళలో మా అత్త ముఖం నేను సరిగ్గా చూసింది ఒక్కసారి. అల్లుడి ఎదట పడకూడదన్న పాత పట్టింపు ఆమెది. నేను హాల్లో మంచం మీద, ఆమె వంటింటి తలుపు వెనక. నాకు తెలిసిన మా అత్త అంటే తలుపు కింద కనిపించే రెండు పాదాలు, గాజుల చప్పుడు, ఒక గొంతు. ఆ గొంతు కూడా మొదటి పదేళ్ళు నాతో మాట్లాడలేదు. గోడతో మాట్లాడేది. "బాబుకి పులుసు ఇంకొంచెం ఎయ్యే. మొహమాటపడతన్నాడు." నేను మొహమాటపడే మనిషిని కాను. ఆ సంగతి తెలిసీ అనేది. మేం మొగుడూ పెళ్ళాలం వాళ్ళింట్లో దెబ్బలాడుకుంటే తలుపు వెనకనుంచి తీర్పు వచ్చేది: "ముందు తినండి. తరవాత దెబ్బలాడుకుందురు గాని."

ఆమె పుట్టింది పాతపట్నంలో. ఎనిమిదేళ్ళప్పుడు ఒకే వానాకాలంలో తల్లినీ తండ్రినీ కలరా ఎత్తుకుపోయింది. ఆమెనీ, మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణీ మేనమామ తెచ్చి పెట్టుకున్నాడు. తెచ్చినవాడు మేనమామ. పెట్టవలసింది ఆయన భార్య. ఇంటిల్లిపాదీ తిన్నాక, పాలేళ్ళు తిన్నాక, కుండ అడుగు గీకితే వచ్చింది ఈ పిల్లలది. రాని రోజున గంజి. గంజి కూడా కుడితిలోకి పోయిన రోజులున్నాయి. ఈ సంగతులు ఆమె ఒక్కసారిగా ఎప్పుడూ చెప్పలేదు. చింతపండు గింజ తీస్తూ ఒక ముక్క, బియ్యం చెరుగుతూ ఒక ముక్క తన కూతురితో అనేది. నేను మంచం మీద పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ వినేవాణ్ణి.

ఆ ఇంటి వెనక తాటాకు దడి. దడి అవతల ఒక ఒడియా ఆమె. పిల్లలు ఆమెని మౌసీ అనేవారు, పిన్ని అన్నమాట. ఆ మౌసి రోజూ దడి కంతలో ఆకు దొన్నెతో గుప్పెడు అటుకులు పెట్టేది. ఒడియాలో సుడా అంటారు. మా అత్త చచ్చేదాకా అటుకుల్ని సుడా అనే అంది. చీపురుపల్లి పక్క అత్తవారింటికి వచ్చాక అందరూ నవ్వినా మార్చుకోలేదు.

"ఒక్క రోజూ తప్పలేదే," అంది ఒకసారి మా ఆవిడతో. "కొన్నాళ్ళు నాను తియ్యలేదు కూడాను. అక్కడ ఉన్నాదని తెలిస్తే సాలు, ఆకలి ఆగీది."

"మరి మామయ్యో?"

"ఆడికి సగం ఇచ్చీదాన్ని. తినీసి ఇంకా కావాలని ఏడ్చీవోడు. ఆడికెప్పుడూ ఆ దడి మీద నమ్మకం లేదు."

ఆ తమ్ముడు పెద్దవాడై నాలుగెకరాలు సంపాయించి, తన పిల్లలు తినే ముద్దలు లెక్కపెట్టి, ఎక్కువ తిన్నవాణ్ణి కొట్టేవాడు. అతన్ని నేనెరుగుదును. దాని మీద మా అత్త ఒక మాట అంది: "ఒకే ఇల్లు, ఒకే పస్తు. ఆడికి కోపం మిగిలిపోనాది, నాకు బెంగ మిగిలిపోనాది."

మనసు గురించి ఇంగ్లీషువాళ్ళు రాసిన లావుపాటి పుస్తకాలు నేను అప్పట్లో కాలేజీ లైబ్రరీనుంచి తెచ్చి చదివేవాణ్ణి. ఎన్ని వందల పుటల్లో ఉందో ఆ సంగతి. తలుపు వెనకనుంచి ఒక్క ముక్కలో వస్తే నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. చదువుకున్నవాళ్ళకి ఉండే జబ్బు అది.

ఆమె బెంగ ఎలాంటిదంటే, తన గదిలో ఉట్టి మీద ఒక కుండెడు అటుకులు ఎప్పుడూ ఉండాలి. మూతకి గుడ్డ కట్టి ఉండేది. ఏటేటా కొత్త ధాన్యం రాగానే నానబెట్టి, వేయించి, తనే రోట్లో దంచి కొత్తవి నింపేది. పాతవి కోళ్ళకి వేసేది. వాటిలోంచి ఒక్క గింజ తను తినగా ఎవరూ చూడలేదు. ఇంకెవరికీ పెట్టదు. పొద్దున్నే లేచి, ముఖం కడుక్కోక ముందే, చెయ్యెత్తి కుండ అడుగు ఒకసారి తాకేది. అంతే. తాకి, వంటింట్లోకి వెళ్ళి, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ, కూలీలకీ, గాజులమ్మే ఆమెకీ, దారిన పోయేవాడికీ ఆకు నిండా వడ్డించేది. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో అలాంటి చెయ్యి ఇంకోటి లేదు. బావమరిది చెప్పింది అబద్ధం కాదు. మధ్య ఇరవై ఏళ్ళు మింగేసి చెప్పాడు, అంతే.

ఇక నేను చేసింది.

యుద్ధం అయిపోయిన కొత్త. బియ్యానికి కంట్రోలు. పుష్యమాసం నూర్పులప్పుడు నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి వాళ్ళ ఊరు వెళ్ళాను. నేను అప్పుడు చదువుతున్న పుస్తకంలో, భయపడే వస్తువుని మనిషి కళ్ళ ముందునుంచి తీసేస్తే భయం తనంతట తనే ఊడిపోతుందని ఉంది. లేదా అలా ఉందని నాకు అర్థమైంది. మా అత్తకి వైద్యం చేద్దామనుకున్నాను. ఆమె రేవుకి వెళ్ళిన వేళ గదిలోకి వెళ్ళి, ఉట్టి మీది కుండ దింపి, కళ్ళానికి పట్టుకుపోయి, నూర్పు కూలీల మధ్య పెట్టాను. బెల్లం కూడా తెప్పించాను. అందరూ నవ్వుతూ తిన్నారు. మా బావమరిది కూడా తిన్నాడు.

ఒక కూలి మనిషి మాత్రం చెయ్యి చాపలేదు. కుండకేసి చూసి, "ఇది అమ్మ కుండ కదేటి బాబూ?" అంది.

"అవును. తిను."

"నానొద్దు. మీరు తినండి," అని చేటతో పక్కకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వాకిట్లో కూలీలు బారుగా కూర్చున్నారు. అడ్డాకు విస్తళ్ళు వేశారు. మా అత్త అప్పటికే రేవునుంచి వచ్చి గదిలోకి వెళ్ళి వచ్చింది. వడ్డించడం మొదలుపెట్టింది. నేను హాల్లో కిటికీ దగ్గర నిలబడి, ఆమె వీపు చూస్తున్నాను. మొదటి ఆకు నిండుగా వేసింది. రెండోది నిండుగా. మూడో ఆకు దగ్గర గరిటె ఆగింది. గరిటెలో అన్నం ఉంది. వంగి ఉంది. చెయ్యి తిరగలేదు. కొంతసేపటికి సగం వేసి, సగం మళ్ళీ అన్నం కుండలోకి వేసుకుంది. తరవాతి ఆకులో ఇంకా తక్కువ. అలా బారు చివరికి వచ్చేసరికి మెతుకులు విదిలించినట్టు విదిలించింది. చివర కూర్చున్నది ఆ చెయ్యి చాపని కూలి మనిషే.

"ఏటమ్మా, సెయ్యి నొప్పా?" అంది ఆమె. మా అత్త గరిటె కోడలి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఎప్పుడు గరిటె పట్టినా ఆ చెయ్యి అలాగే ఆగిపోయేది, చివరికి పట్టడమే మానేసింది. ఉట్టి ఖాళీగా వేలాడింది. మళ్ళీ నింపలేదు. పొద్దున్నే చెయ్యెత్తడం మానేసింది. నాలుగు నెలలకి ఊళ్ళో ఆమెకి పిసినారి అని పేరు వచ్చింది. నేను ఏమీ అనలేదు. పైగా విజయనగరం తిరిగి వచ్చి నా పుస్తకంలో ఆ పుట పక్కన పెన్సిలుతో, "చిన్నప్పటి ఆకలి ముసలితనంలో లోభం అవుతుంది," అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ రాత చెరపలేదు. చెరిపితే నేను రాయనట్టు అవుతుంది.

ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. నా సంగతికొస్తే, కలిగిన ఇంట్లో పుట్టాను. మా అమ్మ నెయ్యి వెయ్యకుండా ముద్ద పెట్టలేదు. తండ్రి చెయ్యి ఎత్తలేదు. అయినా ఇలా తయారయ్యాను. బడి కమిటీ వాళ్ళు నాకన్న చిన్నవాణ్ణి హెడ్మాస్టర్ని చేశారు. మా అన్న పంపకాల్లో చెరువు పక్క పొలం నొక్కేశాడు. నా వ్యాసాలు చదివినవాడు లేడు. ఇవన్నీ నాకు క్రమం తప్పకుండా గుర్తున్నాయి.

నేను రిటైరయ్యాక, వానలు లేక బావులెండిన ఏడు, మా ఆవిడ పోరు పడలేక మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. మా అత్త కళ్ళకి పొరలు కమ్మేశాయి. మనుషుల్ని అడుగుల చప్పుడుతో పోల్చుకుంటోంది. అయినా తలుపు వెనకే కూర్చుంది. నేను మంచం మీద కూర్చుని బడి కమిటీ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఎవడు ఏ మాట అన్నాడో, నేనేం జవాబిచ్చానో. గంట పట్టి ఉంటుంది.

"బాబూ," అంది తలుపు వెనకనుంచి. అప్పటికి నాతో నేరుగా మాట్లాడుతోంది. "ఇది ఎన్నేళ్ళ కిందటి మాట?"

"పద్నాలుగేళ్ళు."

"పోయినసారొచ్చినప్పుడూ ఇదే సెప్పినావు. అంతకుముందూ ఇదే."

"జరిగింది గనక చెప్పాను."

"నాను సిన్నప్పుడు ఆకల్తో పెరిగినాను గనక సుడా దాసుకున్నానని నువ్వు మా వోడితో అన్నావట. నిజమే. మరి నీకు సిన్నప్పుడు అన్నీ ఉన్నాయి గదా, నువ్వేటి ఇవన్నీ దాసుకున్నావు? ఎవడో అన్న ప్రతి మాటా దాసినావు. రోజూ తీసి సూసుకుంటన్నావు. నా సుడా పాతబడితే కోళ్ళకేసీదాన్ని. నీయి ఎవులికేస్తావు?"

లోపల మా ఆవిడ నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినపడింది. నాకు కోపం రావాలి. రాలేదు. నా నోటివెంట వేరే మాట వచ్చింది.

"అత్తా, ఆ కుండ దింపింది నేనే."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆవేలే. కళ్ళంలో తిన్నోలు నాకు సెప్పరేటి?"

"మరి అడగలేదేం?"

గాజులు కదిలాయి. "అడిగితే నువ్వు ఊరుకుంటావేటి? నీ కాడున్న నా గుంట కాపురం ఏటవుతాది?"

"పోనీ మళ్ళీ నింపుకోకపోయావా?" అన్నాను.

"ఎలగ నింపుతాను? ఒకపాలి ఎవులో దింపీసినాక, నిండా ఉన్నా అది ఖాళీదే. అది ఉన్నాదని నమ్మకముంటేనే బాబూ, మిగిలిందంతా పెట్టగలిగీదాన్ని. నాకేటి పెట్టాలని నేదా? సెయ్యి తిరగదు. సరే పద, పొద్దెక్కిపోనాది, ముందు బువ్వ తిను."

మర్నాడు చీపురుపల్లి సంత. నేనే వెళ్ళాను. ఒక కుండ కొన్నాను, దాని నిండా అటుకులు కొన్నాను. దంచినవి కావు, మిల్లువి. అవే దొరికాయి. కుండ చంకన పెట్టుకుని ఊళ్ళోకి వచ్చేసరికి మా బావమరిది అరుగు మీద పదిమందితో కూర్చున్నాడు.

"ఏటి బావా, పింఛను సాలక కుండలమ్ముతన్నావా?"

అందరూ నవ్వారు. నేను అరుగు కిందే నిలబడి చెప్పాను. ఇరవై ఏళ్ళ కిందట మీ అమ్మ కుండ నేను తీశాను, మనందరం తిన్నాం, ఆవిడ చెయ్యి ఆ రోజే ఆగిపోయింది, ఆవిడ పిసినారి కాదు, ఇది మళ్ళీ పెడుతున్నాను, ఇంక ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు అని. బళ్ళో పాఠం చెప్పినట్టే చెప్పాను. నాకు వేరే రకంగా మాట్లాడడం రాదు.

"ఓస్! అదేటి? ఇరవై ఏళ్ళ కిందటి అటుకులా!" అని బావమరిది తొడ చరిచి నవ్వాడు. మిగతావాళ్ళకి నవ్వాలో మానాలో తెలియలేదు. గేదెకి కుడితి పెడుతున్న ముసలి పనిమనిషి మాత్రం తలెత్తింది. ఆనాడు కళ్ళంలో తిననన్న మనిషే.

"నాను తిన్నేదు బాబూ. గురుతుందా?"

"ఉంది," అన్నాను.

నేను కుండతో లోపలికి రాగానే తలుపు వెనకనుంచి మా అత్త పక్కకి తప్పుకుంది. నేను గదిలోకి వెళ్ళి ఉట్టి అందుకుని కుండ పెట్టాను. క్షమించమని నేను ఎవర్నీ అడిగి ఎరగను. అడగడానికి అది మంచి సమయమే. అడగలేదు.

మేం ఉన్న మూడు రోజులూ పొద్దున్నే ఆ గదిలోంచి గాజుల చప్పుడు వినపడిందని మా ఆవిడ చెప్పింది. చెయ్యి పైకి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారే చప్పుడు.

ఆమె పోయిన రోజున కుండ నిండుగానే ఉంది. పెద్దకర్మ అయ్యాక, ఏం చెయ్యాలని బావమరిది భార్య నన్ను అడిగింది. కోళ్ళకి వెయ్యమన్నాను. మా అత్త కూడా అదే చేసేది. పత్రికకి రాసిన ఉత్తరం ఇంటికి తిరిగి వచ్చాక పూర్తి చేసి పోస్టు చేశాను. ఒక ముసలామె చెప్పినంత మాత్రాన మనిషి మారిపోతాడని నేను రాస్తే అది అబద్ధం అవుతుంది. కాని హెడ్మాస్టరు సంగతి ఈ మధ్య ఎవరికీ చెప్పలేదు.

ఆమెని చివరిసారి చూసింది పోయిన కార్తికంలో. మొదటిసారి చూసిందీ అప్పుడే. కుండ పెట్టి అప్పటికి ఆరేడు నెలలు. పీట మీద కూర్చున్నాను, ఎదట ఆకు వేశారు. కోడలు అన్నం కుండ తెచ్చి, ఎందుకో వెనక్కి తగ్గింది. తలుపు తెరుచుకుంది. ఒక చిన్న మనిషి, నేను అనుకున్నదాంట్లో సగం ఉంటుంది, గోడ పట్టుకుని నడిచి వచ్చి నా ముందు కూర్చుంది. ముఖం మీద ముసుగు లేదు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. "గరిటె ఇలగియ్యే," అంది.

ఒక గరిటె వేసింది. ఇంకోటి. ఇంకోటి. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"చాలు అత్తా," అన్నాను.

"నీ మాటెవులు నమ్ముతారు?" అని గరిటె పక్కన పెట్టి, అరచెయ్యి చాపి నా ఆకు మీద పట్టింది. ముట్టుకోలేదు. వేడి వేడి అన్నం మీద, ఆవిరిలో, ఆ చెయ్యి మెల్లగా చుట్టూ తిరిగింది. ఈ అంచు, ఆ అంచు. నా చేతి దగ్గర, అన్నం పడని చోటికి వచ్చి, అక్కడ ఆగింది.

"ఇదుగో, ఇక్కడ సల్లగున్నాది," అంది. గరిటె కోసం తడుముకుంది.